2024–25 వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారములు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయినందున, మన సభ్యులలో పలువురి ఇళ్ళు కూడా అక్కడివే అయినందున, వర్షాకాలపు మొక్కల పరిశీలనలను రద్దు చేసుకోక తప్పలేదు.

ఈ సంవత్సరం సంఘం గర్వంగా చెప్పుకోదగినది జనవరిలో బందరు కాలువ గట్టున జరిగిన పరిశీలన. గరిక, తుంగల నడుమ జానెడు ఎత్తైనా లేని నేల ఆర్కిడ్ జ్యూక్సీన్ స్ట్రాట్యూమాటికాను సభ్యులు పూతమీద ఉండగా గుర్తించారు. తొడిమ లేకుండా కాండాన్ని చుట్టుకొనే దీని సన్నని ఆకులు ఎండ తగిలిన చోట ఎర్రగోధుమ రంగుకు తిరుగుతాయి. పూత లేనప్పుడు గడ్డి అనుకొని తొక్కుకుంటూ పోతాము. చిక్కని కంకిలోని చిన్న తెల్లని పూలలో పెదవి రేకు ఒక్కటే పసుపుగా ఉండడం, పుప్పొడినిచ్చే కేసరమూ పుప్పొడినందుకొనే కీలమూ విడివిడిగా కాక ఒకే స్తంభంగా కలిసి ఉండడం భూతద్దంతో చూసి రూఢి చేసుకున్న తరువాతనే జాబితాలో చేర్చాము. ఫోనులో కనిపించే ఊదారంగు డాక్టిలోరైజా ఆర్కిడ్లు యూరప్, హిమాలయాల వంటి చల్లని ప్రాంతాల తడి నేలలవి. వాటి కోసం మన గట్లు గాలించడం వృథా అని కొందరికి మళ్ళీ మళ్ళీ చెప్పవలసి వచ్చింది. ఆర్కిడ్ విత్తనంలో ఆహార నిల్వ ఉండదు, నేలలోని శిలీంధ్రం తోడు లేనిదే అది మొలకెత్తదు. అందుచేత మొక్కను కుండీలోకి మార్చుకుంటామన్న వారిని వారించాము.

పూత ముగిసేవరకు ఆ గట్టున గడ్డి కోయవద్దని సంబంధిత అధికారులకు లేఖ ఇచ్చాము. జవాబు రాలేదు, కోత యంత్రం మాత్రం వచ్చింది. వాట్సాప్‌లో "వస్తున్నాం" అని రాసిన సభ్యులలో సగం మందైనా వచ్చి ఉంటే మిగిలిన గట్టును ముందే చూసి ఉండేవారము.

భూతద్దాలు ఇచ్చి, ఓపికగా పాఠం చెప్పిన విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకులకు, తెల్లవారకముందే ఇడ్లీలు సిద్ధం చేసిన మహిళా సభ్యులకు, ఉచితంగా ఆటో నడిపిన సోదరునికి కృతజ్ఞతలు. ఖర్చులు చందాలకు లోబడే జరిగాయి. పద్దుల పుస్తకం కోశాధికారి గారి వద్ద చూడవచ్చును.

వచ్చే శీతకాలపు పరిశీలనకు నిజంగా రాగలిగినవారు మాత్రమే డిసెంబరు మొదటి వారంలోగా పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి
విజయవాడ