డిస్కులు కొనే ముందు కప్లర్ చూడు

ఒరేయ్ సూరీ,

ట్రైలర్‌కి డ్రమ్ము బ్రేకులు తీసేసి డిస్కు బ్రేకులు పెట్టడానికి నువ్వు రాసిన సామాన్ల చిట్టా చూశాను. అన్నీ రాశావు గానీ వరసే తిరగబడింది. ముందు డిస్కులు కొనేసి కప్లర్ (ట్రైలర్‌ని బండికి తగిలించే ముందు భాగం) సంగతి తర్వాత చూద్దామంటే ఒకే పనికి రెండుసార్లు డబ్బు పెట్టాల్సొస్తుంది.

మొదట యాక్సిల్ తేల్చుకో. ట్యూబు మీద రేటింగ్ ప్లేటో స్టిక్కరో ఉంటుంది, వైరు బ్రష్షుతో గీకి చూడు. చెరిగిపోయి ఉంటే ట్యూబు వ్యాసం కొలువు. అమెరికన్ సైజుల్లో 2⅜ అంగుళాలుంటే చాలావరకు 3,500 పౌండ్ల బరువు మోసేది. 3 అంగుళాలైతే 5,200 నుంచి 7,000 దాకా ఏదైనా కావచ్చు, ఆ ఒక్క కొలత నమ్ముకుని కొనెయ్యకు. చక్రం బిగే హబ్బు విప్పి బేరింగుల మీద చెక్కిన నంబర్లు చదువు. బయటిది ఎల్44649, లోపలిది ఎల్68149 ఉంటే మామూలు 3,500 స్పిండిలే (హబ్బు తిరిగే యాక్సిల్ చివరి కడ్డీ). హబ్బుతో కలిసొచ్చే రోటర్ (అంటే డిస్కే) కొనేటప్పుడు షాపులో ఈ నంబర్లే చెప్పు. చక్రానికి ఐదు బోల్టులున్నాయంటే చాలదు, వాటి వలయం 4½ అంగుళాలా, 4¾నా, 5ఆ అన్నదీ కావాలి.

కాలిపర్ అంటే ప్యాడ్లతో రోటర్‌ని పట్టి నొక్కేది. దాని బ్రాకెట్ బిగేది హబ్బు వెనకున్న బ్రేక్ ఫ్లాంజికి, అంటే యాక్సిల్‌కి అతికించిన రంధ్రాల పలకకి. 3,500 యాక్సిల్‌కి మామూలుగా నాలుగు బోల్టులు. అసలు ఫ్లాంజే లేకపోతే వెల్డింగు పని తప్పదు. చక్రం 13 అంగుళాలదైతే రిమ్ము కాలిపర్‌కి రాసుకోవచ్చు, టైరు ఎక్కించక ముందే ఉత్త రిమ్ము తొడిగి తిప్పి చూడు. హబ్బు మీద తొడిగే రకం రోటర్ అయితే దాని మందం మేరకు చక్రం బయటికి జరుగుతుంది. మడ్‌గార్డుకి టైరు తగలదు కదా, నట్లకి మర పూర్తిగా అందుతోంది కదా చూసుకో.

ఇక అసలు తంటా కప్లర్. నీది డ్రమ్ముల కోసం చేసిన సర్జ్ కప్లర్, అంటే బండి ఆగుతుంటే ట్రైలర్ ముందుకు తోసే బలంతో నొక్కుకుని బ్రేకు వేసేది. డ్రమ్ముల మాస్టర్ సిలిండర్‌లో (బ్రేకు ద్రవాన్ని నెట్టే భాగం) పైపులో కాస్త ఒత్తిడి నిలిపి ఉంచే వాల్వు ఉంటుంది. డిస్కులకి అదే శని: ప్యాడ్లు రోటర్‌ని వదలవు, హబ్బు కాలిపోతుంది, గ్రీజు కరిగి కారుతుంది. బేరింగు బిగువనుకుని అందరూ నట్టు వదులు చేస్తుంటారు, తప్పు అక్కడ కాదు. పైగా వెనక్కి తోలేటప్పుడు కప్లర్ నొక్కుకుంటుంది. సర్జ్ కోసం చేసిన డ్రమ్ములు రివర్సులో వాటంతటవే వదిలేస్తాయి, డిస్కులు రెండు దిక్కులా ఒకేలా పట్టేస్తాయి. అందుకే రివర్స్ లాకౌట్ సోలినాయిడ్ (వెనక్కి తోలేటప్పుడు బ్రేకు పడకుండా ఆపే కరెంటు వాల్వు) ఉన్న డిస్క్ కప్లరే కొను. దానికి రివర్స్ లైటు నుంచి ఐదో వైరు రావాలి, నాలుగు పిన్నుల ప్లగ్గుతో పని జరగదు. సర్జ్‌కి బదులు ఎలక్ట్రిక్ ఓవర్ హైడ్రాలిక్ (కరెంటు పంపుతో బ్రేకు ద్రవాన్ని నెట్టేది) పెడితే సాధారణంగా 1,600 పీఎస్‌ఐ ఒత్తిడి రకం తీసుకో, 1,000ది డ్రమ్ములకి.

బాలు (కప్లర్ కూర్చునే, బండి వెనకుండే గుండు) సైజు కప్లర్ మీదే చెక్కి ఉంటుంది. 2 5⁄16 కప్లర్‌లో 2 అంగుళాల బాలు కూడా బిగినట్టే కనిపిస్తుంది, గుంత రాగానే ఎగిరి ఊడుతుంది. బాలు, కప్లర్, రిసీవర్ (బండి వెనక బాలు కడ్డీ దూర్చే గొట్టం), వీటిలో దేని రేటింగ్ తక్కువో మొత్తానికి అదే లెక్క.

కమాన్ పట్టీలు మార్చడం తేలికే: వెడల్పు, బుష్ రంధ్రాల మధ్య దూరం, రెండో చివర రంధ్రమా చదునా, మోసే బరువు చూసుకో. ట్రైలర్ ఎత్తు పెంచాలని యాక్సిల్‌ని మాత్రం తలకిందులు చెయ్యకు. దాని మధ్య వంపు పైకే ఉండాలి, లేదంటే టైర్లు ఒకవైపే అరుగుతాయి. ఎత్తు కావాలంటే యాక్సిల్ మీద కమాన్ పట్టీలు కూర్చునే కొత్త సీట్లు వెల్డ్ చేయించు.

ఆ ప్లేటు మీది అంకెలూ, బేరింగు నంబర్లూ రాసి పంపు. అప్పటిదాకా ఏ ఆర్డరూ పెట్టకు.

నీ
రఘు