కాలువ కట్టేసిన రోజులు మాకివ్వండి

ఆంధ్రప్రదేశ్ జలవనరుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను సివిల్ ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్నాను. మాది కృష్ణా డెల్టా. రోజూ కాలువ గట్టు మీదుగానే కాలేజీకి పోతాను. ఈ మూడేళ్లలో ఒక్కసారి కూడా ఆ కాలువలో ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ పెట్టి చూడలేదు. వేసవిలో కాలువకు నీళ్లాపి రిపేర్లు చేసే రోజుల్లో మమ్మల్ని అక్కడ పని నేర్చుకోనివ్వమని అడగడానికే ఈ ఉత్తరం.

మా సర్వే ల్యాబంతా కాలేజీ గ్రౌండ్‌లోనే. ఏడుగురికి ఒక ఆటో లెవెల్. ఒకడు చూస్తాడు, ఒకడు స్టాఫ్ (కొలత కర్ర) పట్టుకుంటాడు, మిగిలినవాళ్లం చెట్టుకింద కూర్చుని సీనియర్ల రికార్డులోంచి రీడింగులు దింపుకుంటాం. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ నిరుడు డబ్బిచ్చి తెచ్చుకున్నదే. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. సైటు మొహం చూడకుండా నలభై పేజీల రిపోర్టు రాశాను, మార్కులు బాగానే పడ్డాయి.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. పారే నీటిలో స్టాప్‌లాగ్ (గేటు బదులు అడ్డం దించే ఉక్కు పలక) దించడానికి ఎప్పుడో రిటైరైన గేట్ల ఇంజినీరు కన్నయ్యనాయుడు గారు రావాల్సి వచ్చింది. మూడు వారాలు తిరిగేసరికి వరదలో పడవలు ప్రకాశం బ్యారేజీని గుద్దుకున్నాయి. అప్పుడూ ఆయనే. అదే వరదలో బుడమేరు గండ్లు పూడ్చడానికి సైన్యం దిగింది. మేం అదంతా హాస్టల్ టీవీలో చూశాం. ఆయన పక్కన నిలబడి ఆ పని నేర్చుకున్న మా వయసువాళ్లు ఎవరైనా ఉన్నారా అని అప్పట్నుంచీ నాకో సందేహం.

ఏటా వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తారు. పూడికతీత, గట్ల పని, లాకులు, తూముల రిపేర్లు అన్నీ అప్పుడే. మాకు సెలవులూ అప్పుడే. ఒక్కో సబ్‌డివిజన్‌కు నలుగురైదుగురు విద్యార్థులను తీసుకోండి. పూడిక తీయకముందు లెవెల్స్, తీశాక లెవెల్స్ మేమూ పడతాం. ఎన్ని క్యూబిక్ మీటర్ల మట్టి పోయిందో ఆ తేడాలోనే తేలుతుంది, బిల్లు నడిచేదీ దాని మీదే. ఎం-బుక్ (కొలతల పుస్తకం) ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారిదే, మా లెక్క పక్కన వేరే కాగితం మీద ఉంటుంది. (రెండూ కలవకపోతే కాంట్రాక్టర్లకు మేం నచ్చకపోవచ్చు, అది వేరే సంగతి.) కాంక్రీటు పోసిన చోట దాని బలం చూసే క్యూబులు మేమే పోసి, 28 రోజులు నీళ్లలో ఉంచి, మా కాలేజీలో గుడ్డ కప్పుకుని ఉన్న మెషీన్‌లో పగలగొడతాం.

నీళ్లు వదిలాక, తూములు చూసుకునే లస్కర్లతో కూడా తిరగనివ్వండి. తూము ఎంత ఎత్తితే చివరి చేలకు ఎప్పుడు తడి అందుతుందో వాళ్లకు నోటిలెక్క. మాకు నీటి వేగం లెక్కగట్టే మానింగ్ ఫార్ములా వచ్చు, ఆ కాలువలో నీళ్లెలా నడుస్తాయో తెలీదు.

స్టైపెండ్ అడగడం లేదు. ఒక హెల్మెట్, ప్రమాద బీమా, రోజూ రాసిన డైరీ చూసి ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) గారు పెట్టే సంతకం చాలు.

మా హెచ్‌ఓడీ గారు సరేనన్నారు. దగ్గర్లోని ఇరిగేషన్ ఆఫీసుకు వెళ్లి అడిగితే, కూర్చోబెట్టి టీ ఇచ్చి, "పైనుంచి ఆర్డర్ ఉంటే పట్టుకు రండి బాబూ" అన్నారు. అందుకే మీకు రాస్తున్నాను.

ఇట్లు,
కృష్ణా డెల్టా నుంచి ఒక సివిల్ విద్యార్థి