కెమెరాలూ లేవు, మనుషులూ లేరు: టోర్నమెంట్ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

కార్యదర్శి గారూ, నమస్కారం.

హనుమకొండలో మీరు జరిపే జూనియర్ టెన్నిస్ టోర్నమెంట్‌కు లైన్ అంపైర్‌గా, అంటే బంతి గీత లోపల పడిందో బయట పడిందో చెప్పే మనిషిగా చేసినవాణ్ణి. కలిసి అడిగాను, వాట్సాప్‌లోనూ పెట్టాను, ఉలుకూ పలుకూ లేదు కాబట్టి నలుగురి ముందూ రాస్తున్నా.

ఈసారి లైన్ అంపైర్లను తీసేశారు. ఎందుకంటే వింబుల్డనే తీసేసిందిగా అన్నారట. నిజమే సార్, 147 ఏళ్ల పద్ధతిని 2025లో ఆపేశారు, కానీ వాళ్లు మనుషుల బదులు కెమెరాలు పెట్టారు, మీరు ఏదీ పెట్టలేదు. ఆ కెమెరాలు కూడా రష్యా క్రీడాకారిణి పావ్లుచెంకోవా మ్యాచ్‌లో ఎవరో పొరపాటున సిస్టమ్ ఆపేయడంతో గీత బయట పడ్డ బంతిని పట్టలేదు, పాయింట్ మళ్లీ ఆడించారు. బంతి అచ్చు పడే ఎర్రమట్టి మీద జరిగే ఫ్రెంచ్ ఓపెన్ మాత్రం ఆ ఏడాదీ లైన్ అంపైర్లతోనే నడిచింది. మనదీ మట్టి కోర్టే కదా!

మొన్న సెమీస్‌లో ఓ పాప బేస్‌లైన్ దగ్గర బంతి అచ్చు చుట్టూ రాకెట్‌తో గీసి చూపిస్తుంటే అవతలి అమ్మాయి తండ్రి కంచె బయట నుంచి కేకలు, ఎత్తు కుర్చీలో కూర్చునే చైర్ అంపైర్ దిగొచ్చేలోపే ఎవరో దాన్ని తొక్కేశారు. ఆ పిల్ల ఏడుస్తూనే సర్వీస్ చేసింది.

మా రోజు కూలీ మీకు మిగిలింది, సరే. వచ్చే టోర్నమెంట్‌లో కనీసం సెమీస్, ఫైనల్స్‌కు లైన్ అంపైర్లను పెట్టండి. కుదరదంటే కారణం రాసి నోటీసు బోర్డు మీద అంటించండి.