ముద్ద దిగకపోతే కారాన్ని తిట్టకండి, బయాప్సీ చేయండి

సంపాదకుడి గారికి నమస్కారం.

గుంటూరులో ఎవరికి కడుపులో ఏ బాధ వచ్చినా ముందు తిట్టేది కారాన్నే. మా అబ్బాయి విషయంలో మూడేళ్లు అదే జరిగింది. ముద్ద దిగడం లేదమ్మా అని వాడంటే గ్యాస్ అన్నారు, గోంగూర పచ్చడి మానమన్నారు, పరగడుపున వేసుకోమని బిళ్లలు రాశారు, పదో తరగతి పరీక్షల టెన్షన్ వల్ల అలా అనిపిస్తుందని కూడా ఒకరు చెప్పారు, మేమూ నమ్మేశాం.

వాడు తినే తీరు చూసైనా నాకు అర్థం కావాల్సింది. ప్రతి ముద్దకీ గుక్కెడు నీళ్లు. చపాతీ అయితే చిన్న తునకలు చేసి, కూరలో మెత్తగా నానాకే నోట్లో పెట్టుకునేవాడు. పెళ్లి బంతిలో అందరూ లేచి చేతులు కడుక్కున్నా వాడి విస్తరి సగం అలాగే ఉండేది. పోయిన ఏడాది ఒక ఆదివారం చికెన్ ముక్క ఛాతీ మధ్యలో ఇరుక్కుపోయింది. నీళ్లు కూడా దిగక, రెండు గంటలు స్టీలు గిన్నెలో ఉమ్ము ఊస్తూ కూర్చున్నాడు. విజయవాడ తీసుకెళ్తే ఎండోస్కోపీతో దాన్ని తీసి, అన్నవాహికలో వేర్వేరు చోట్ల ఆరు చిన్న నమూనాలు బయాప్సీకి పంపారు. ఇసినోఫిలిక్ ఈసోఫాగైటిస్ అని తేలింది, అంటే ఇసినోఫిల్స్ అనే కణాలు చేరి అన్నవాహిక వాచే జబ్బు.

అంతకు ఏడాది ముందే ఒకచోట ఎండోస్కోపీ చేయించాం. చూడ్డానికి నార్మల్‌గా ఉందని పంపేశారు, బయాప్సీ తీయలేదు. నా బాధంతా అక్కడే.

ఇసినోఫిల్స్ అంటే ఎలర్జీలప్పుడు, కడుపులో పురుగులున్నప్పుడు పెరిగే తెల్ల రక్తకణాలు. అన్నవాహిక పొరలో మామూలుగా అవి ఉండవు. మైక్రోస్కోప్‌లో ఒక్క ఫీల్డులో, అంటే ఒకేసారి కనిపించే మేరలో, 15 లేదా అంతకు మించి కనిపించి, మింగడానికి ఇబ్బంది కూడా ఉంటే, వేరే కారణాలు లేవని చూసుకుని ఈ జబ్బు అంటారు. లోపల అంతా బాగున్నట్టే కనిపించొచ్చు, రక్తపరీక్షలోనూ తేడా రాకపోవచ్చు, కాబట్టి బయాప్సీ లేకుండా ఇది దొరకదు.

కారం దీనికి కారణం కాదు. ఎక్కువమందిలో పాలు, ఆ తర్వాత గోధుమ, గుడ్డు, సోయా లాంటివి. ఆస్తమా, తుమ్ములు, ఎగ్జిమా ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. మావాడికి చిన్నప్పటి నుంచీ పిల్లికూతలు ఉన్నాయి, ఆ రెంటికీ ముడి ఉంటుందని మాకెవరూ చెప్పలేదు. చర్మం మీద చేసే ఎలర్జీ టెస్టులు కూడా ఏ తిండి పడటం లేదో కచ్చితంగా చెప్పలేవు, ఒక్కోటీ మానేసి కొన్ని వారాల తర్వాత మళ్లీ బయాప్సీ చేసి చూడాల్సిందే. గ్యాస్ బిళ్లలు కొందరికి నిజంగానే పనిచేస్తాయి, కానీ సరైన మోతాదులో వాడి, తగ్గిందో లేదో మళ్లీ బయాప్సీతోనే తేల్చుకోవాలి. మరికొందరికి ఆస్తమా ఇన్‌హేలర్‌లోని స్టిరాయిడ్ మందు పీల్చకుండా నోట్లో కొట్టుకుని మింగమంటారు, ఆ తర్వాత అరగంట మంచినీళ్లు కూడా తాగకూడదు. అన్నవాహిక సన్నబడిపోతే బెలూన్‌తో వెడల్పు చేస్తారు. ఈ జబ్బుకు డుపిలుమాబ్ అనే ఇంజెక్షన్‌కు 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది గానీ ఆ ధర మాలాంటి ఇళ్లు మోయలేనిది. మావాడు పాలు, పెరుగు, నెయ్యి మానేశాడు. పెరుగన్నం లేకుండా భోజనం ముగించడం వాడికి ఇప్పటికీ కష్టంగానే ఉంది, కానీ ముద్ద దిగుతోంది.

ఇంకో సంగతి. ఇవే కణాలు కడుపులో, పేగుల్లో చేరితే నొప్పి, విరేచనాలు, ఒక్కోసారి పొట్టలో నీరు వస్తాయి. అక్కడ ముందు మలపరీక్ష చేసి పురుగులు లేవని తేల్చుకోవాలి, ముఖ్యంగా పొలాల్లో చెప్పుల్లేకుండా తిరిగేవాళ్లకు. స్ట్రాంగిలాయిడ్స్ అనే పురుగు ఉన్నప్పుడు స్టిరాయిడ్ ఇస్తే అది ఒళ్లంతా పాకి ప్రాణం మీదకి వస్తుంది.

మింగుడు పడటం లేదని వచ్చినవాళ్లకు ఎండోస్కోపీ చేస్తే బయాప్సీ కూడా తప్పనిసరి చేయాలని, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ ఖర్చు రోగి మీద పడకుండా చూడాలని వైద్యశాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. గుంటూరు, విజయవాడల్లోని కాలేజీ హాస్టళ్ల వాళ్లకు ఒక మనవి: భోజనాల దగ్గర ఆఖరున మిగిలి, ముద్దముద్దకీ నీళ్లు తాగుతున్న పిల్లవాణ్ణి లేటవుతోందని కేకలేయకండి, ఆ సాయంత్రమే వాళ్లింటికి ఫోన్ చేయండి.

- ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు