సేద్యం లెక్కలు మన పేర్లతో, మన చేతిలో ఉండాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ వ్యవసాయం పేజీ మా ఇంట్లో అందరం చదువుతాం. విత్తనాలు, తెగుళ్ళు, మార్కెట్ రేట్లు అన్నీ బాగా ఇస్తారు. కానీ మూడెకరాలో అయిదెకరాలో ఉండే రైతు తన లెక్కలు ఎట్లా రాసుకోవాలి, దానికోసం ఇప్పుడు వచ్చిన సాఫ్ట్‌వేర్లని మన సేద్యానికి తగినట్టు ఎట్లా సెట్ చేసుకోవాలి అనేది ఎక్కడా కనపడలేదు, అందుకే రాస్తా ఉన్నాను. కొంచెం పెద్దదైనా వేసుకోమని మనవి. మాది తిరుపతి జిల్లా పాకాల మండలం. తోతాపురి మామిడి తోట, వర్షాధారం శనక్కాయ, బోరు కింద కొంత టమాటా. చేన్లో పని అత్త, మామ, మా ఆయన చేస్తారు, నేనూ పోతాను, లెక్కాచారం మాత్రం పూర్తిగా నాది.

ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వం పంటల నమోదులో, మన పంట ఎక్కిస్తారు, వేలిముద్ర వేయించుకుంటారు, రైతు రిజిస్ట్రీలో 11 అంకెల నంబర్ కూడా ఇచ్చినారు. అంటే మనకి ఎంత భూమి ఉంది, దాంట్లో ఏం పెట్టినాం అనేది ప్రభుత్వం దగ్గర ఉంది. మంచిదే. కానీ ఎకరా శనక్కాయకి ఈ ఏడు ఎంత పెట్టుబడి అయింది, ఏ చేన్లో ఏ రకం ఎన్ని మూటలు అయింది అంటే చాలా ఇళ్ళల్లో నోటిలెక్కే. 2025 మామిడి సీజన్ గుర్తు చేసుకోండి. తోతాపురికి కిలో 12 రూపాయలు, అందులో గుజ్జు ఫ్యాక్టరీ 8 ఇవ్వాల, ప్రభుత్వం 4 ఇస్తుంది అన్నారు. గిట్టుతుందా గిట్టదా అని ఊరూరా మాట్లాడుకున్నారు, గిట్టదు అనే అన్నారు అందరూ, అది నిజం కూడా, కానీ కిలోకి ఎంత పోతోందో కాగితం తీసి చూపించగలిగిన రైతు ఎంతమంది? లెక్క ఉన్నోడి మాటకి ఆఫీసులో ఒక బరువుంటుంది. ఫ్యాక్టరీకి తోలిన లోడు స్లిప్పులు కూడా కొన్ని ఇళ్ళల్లో చొక్కా జేబుల్లోనే పాడైపోతాయి, వాటిని వెంటనే ఒక ఫోటో తీసి తేదీతో దాచిపెట్టుకునే పద్ధతి ఉంటే చాలు, సగం గొడవ తీరిపోతుంది.

సాఫ్ట్‌వేర్ల సంగతికొస్తే, రైతు లెక్కల కోసమే తయారైన ఓపెన్ సోర్స్‌వి, అంటే ఎవరైనా తీసుకుని మార్చుకుని వాడుకోగలిగినవి, ఉన్నాయి. ఫార్మ్ఓఎస్ అని ఒకటి, ఫ్రీగా వాడుకోవచ్చు, కాకపోతే దాన్ని పెట్టడానికి ఒక సర్వర్, అంటే ఎప్పుడూ ఇంటర్నెట్‌లో నడుస్తా ఉండే కంప్యూటర్, కావాల, పెట్టి ఇచ్చే మనిషి కావాల. లైట్‌ఫార్మ్ అని ఇంకొకటి, కెనడాలో యూనివర్సిటీ ఆఫ్ బ్రిటిష్ కొలంబియా వాళ్ళు మొదలుపెట్టింది. చేను కాడ సిగ్నల్ లేకున్నా వివరాలు నింపుకోవడానికి కోబోటూల్‌బాక్స్ అనే ఫారాల సాఫ్ట్‌వేర్ ఉంది, ఫారం తెలుగులో మనమే తయారు చేసుకోవచ్చు, సిగ్నల్ దొరికినప్పుడు పంపిస్తే సరిపోతుంది. ఇవేవీ వద్దనుకుంటే ఎక్సెల్ లాంటి ఒక స్ప్రెడ్‌షీట్. నా లెక్కలో ఏది తీసుకున్నామనేది పెద్ద విషయం కాదు, మొదటి వారం దాన్ని ఎట్లా సెట్ చేసినాం అనేదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

ఫార్మ్ఓఎస్‌లో నాకు బాగా నచ్చింది దాని ఆలోచన. దాంట్లో రాసేవి ముఖ్యంగా రెండు రకాలు. మన దగ్గర ఉండేవి, అంటే చేను, పంట, తోట, మోటారు, ట్రాక్టరు లాంటివి ఒక పక్క, వాటి మీద జరిగిన పనులు ఇంకో పక్క. విత్తనం వేసింది ఒక ఎంట్రీ, ఎరువు మందులు ఒక ఎంట్రీ, కోత ఒక ఎంట్రీ, ఊరికే చేను చూసి ఆకుమచ్చ కనపడింది అని రాసుకున్నా అదీ ఒక ఎంట్రీ. ప్రతి దానికి తేదీ, ఏ చేను, ఎంత, ఏ కొలత. జరగాల్సిన పని, జరిగిపోయిన పని అని వేరువేరుగా గుర్తు పెట్టొచ్చు. ఇది అర్థమైతే స్ప్రెడ్‌షీట్‌లో కూడా ఇదే పద్ధతి పెట్టుకోవచ్చు.

ఇంక చేన్ల పేర్లు. ఇది చిన్న విషయంలా కనపడుతుంది కానీ అసలు పని ఇక్కడే ఆగిపోతుంది. సాఫ్ట్‌వేర్ పెట్టించే కుర్రోళ్ళు మొదట సర్వే నంబర్లు అడుగుతారు. మా ఇంట్లో ఎవరూ సర్వే నంబరుతో మాట్లాడరు. చింతమాను చేను, బోరుకాడి కయ్య, గట్టు కింద మడి, రోడ్డు తోట, ఇట్లా అంటారు. పైగా రీసర్వే అయిన ఊర్లల్లో పాత సర్వే నంబర్లు పోయి ఎల్పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చినాయి, ఏది ఏదో పాసుపుస్తకం ముందర పెట్టుకుంటే తప్ప తెలీదు. అందుకే పేరు స్థానంలో ఇంట్లో పిలిచే పేరే పెట్టాల, తెలుగు లిపిలోనే టైప్ చెయ్యాల, పాత నంబరు ఎల్పీఎం నంబరు రెండూ కింద నోట్‌లో రాసిపెట్టుకోవాల. మామ సాయంత్రం వచ్చి గట్టు కింద మడికి నీళ్ళు పెట్టినాం అంటే ఆ మాట మాటగానే లోపలికి పోవాల. పేరు మార్చి రాయమంటే ఎవురూ రాయరు. ఒకే చేన్లో సగం కదిరి-6 శనక్కాయ, సగం మన తిరుపతి పరిశోధనా స్థానం ఇచ్చిన ధరణి రకం వేస్తే మధ్యలో గెనిమ (గట్టు) ఉన్నా లేకున్నా రెండు భాగాలుగా పెట్టుకోండి, లేదంటే ఏది బాగా కాసిందో కోత అయినాక చెప్పలేరు. పూత టైమ్‌లో ఎకరాకి 200 కిలోల జిప్సం వెయ్యమని వ్యవసాయ శాఖ వాళ్ళు చెప్తారు కదా, వేసిన భాగం వెయ్యని భాగం కూడా ఇట్లా విడిగా రాసుకుంటే దాని ఫలితం మన చేన్లోనే మనకి కనపడుతుంది.

తర్వాత కొలతలు. విదేశీ సాఫ్ట్‌వేర్ హెక్టార్లు అంటుంది, మనకి ఎకరాలు, సెంట్లు. ఎకరా అంటే 100 సెంట్లు, హెక్టారు అంటే దగ్గర దగ్గర రెండున్నర ఎకరాలు, ఇది మొదట్లోనే ఒకటి ఖాయం చేసుకోవాల. శనక్కాయ మూటల్లో, టమాటా బాక్సుల్లో, మామిడి టన్నుల్లో, పేడ ఎరువు ట్రాక్టర్ లోడుల్లో, మందు చేతి పంపు అయితే ట్యాంకుల్లో, తోటకి అయితే డ్రమ్ముల్లో చెప్తాం. ఆ మాటలన్నీ అట్లాగే కొలతలుగా పెట్టి, మన మూట ఎన్ని కిలోలు, మన బాక్సు ఎన్ని కిలోలు, ట్యాంకు ఎన్ని లీటర్లు అనేది ఒక్కసారి పక్కన రాసిపెట్టాల. మండీకి మండీకి బాక్సు సైజు మారుతుంది, అది మారినప్పుడు కొత్త కొలతగా చేర్చుకోండి, పాతదాన్ని దిద్దొద్దు, దిద్దితే పాత లెక్కలన్నీ తప్పిపోతాయి. అమ్మకం రాసేటప్పుడు చేతికొచ్చిన దుడ్లు ఒక్కటే రాసి ఊరుకోవద్దు. రేటు, కమీషను, దింపుడు కూలి, తరుగు, బండి బాడుగ, అన్నీ వేరే వేరే గళ్ళల్లో ఉండాల. పంటకి రేటు లేక నష్టపోయినామా, మధ్యలో పట్టుకునే కమీషను, తరుగులకి నష్టపోయినామా అనేది అప్పుడే బయటపడుతుంది.

ఇంకొకటి, సంవత్సరం లెక్క. చాలా సాఫ్ట్‌వేర్లు జనవరి నుంచి డిసెంబరు, లేదంటే ఏప్రిల్ నుంచి మార్చి అని కలిపి చూపిస్తాయి. మామిడికి అది అస్సలు పనికిరాదు. కాయ అయిపోయినాక ఆగస్టులో దుక్కి, కొమ్మల కత్తిరింపు మొదలవుతుంది, పూత మీద మందులు డిసెంబరు జనవరిలో, కోత మే జూన్ జూలైలో. మందుల బిల్లు ఒక ఆర్థిక సంవత్సరంలో, కాయ డబ్బు ఇంకో దాంట్లో పడుతుంది, చూస్తే ఒక ఏడు అంతా ఖర్చు, ఇంకో ఏడు అంతా లాభం లాగా ఉంటుంది. అందుకని ప్రతి ఎంట్రీకి ఏ పంట, ఏ సీజన్ అనేది తప్పకుండా తగిలించాల. ఇంటోళ్ళ పని కూడా రాయాల. అత్త పొద్దున్నుంచీ కలుపు తీస్తే దానికి కూలి లేదని వదిలేస్తాం. మద్దతు ధర లెక్క కట్టేటప్పుడు ప్రభుత్వమే ఇంటోళ్ళ కష్టాన్ని ఖర్చులో కలుపుతుంది, ఎ2 ప్లస్ ఎఫ్ఎల్ అనేది అదే. మనం ఎందుకు వదిలెయ్యాల? ఆడోళ్ళ పని పుస్తకంలో ఎక్కడా కనపడకుండా పోయేది ఇక్కడే, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

రాసేది ఎవురు అనేది కూడా ముందే అనుకోవాల. పని చేసినోళ్ళే చెప్పాల, కానీ టైప్ చేసేది వాళ్ళే కానక్కర్లేదు. మా అత్త ఇంటి వాట్సాప్ గ్రూపులో మాటగా చెప్పి పంపిస్తుంది, మా ఆయన బిల్లు ఫోటో పెడతాడు, రాత్రి నేను ఎక్కిస్తాను. ఫోన్ కీబోర్డులో మైకు నొక్కి తెలుగులో చెప్తే అదే టైప్ అయిపోతుంది కాబట్టి నాకూ పెద్ద కష్టం లేదు. ఫార్మ్ఓఎస్‌లో మేనేజరు, వర్కరు, ఊరికే చూసేవాళ్ళు అని ముగ్గురికి మూడు రకాల అనుమతులు పెట్టొచ్చు, ఉమ్మడి కుటుంబాల్లో ఇది బాగా అక్కరకొస్తుంది, అన్నదమ్ములు ఇద్దరూ లెక్క చూడొచ్చు, మార్చేది ఒకరే.

మందుల లెక్క గురించి మాత్రం గట్టిగా చెప్పాల. ఏ మందు, డ్రమ్ముకి ఎంత, ఏ తోటలో, ఏ రోజు. కొట్టినాక ఎన్ని రోజులకి కాయ కొయ్యొచ్చు అనేది మందుతో వచ్చే కాగితంలో ఉంటుంది, దాన్ని చూసి కోత తేదీని అప్పుడే జరగాల్సిన పనిగా పెట్టేసుకోవాల. మన జిల్లాల మామిడి గుజ్జు బయటి దేశాలకి పోతుంది, మందు అవశేషాలు ఉంటే వెనక్కి పంపిస్తారు, ఆ దెబ్బ చివరికి మన రేటు మీదే పడుతుంది. సేంద్రియ సర్టిఫికెట్ కావాలనుకునే వాళ్ళకైతే రికార్డు లేకుండా కుదరనే కుదరదు, మామిడి లాంటి తోటలకి ఎన్పీఓపీ అనే కేంద్రం సేంద్రియ సర్టిఫికెట్ పద్ధతిలో మూడేళ్ళ మార్పిడి కాలం ఉంది, ఆ కాలం అంతా ఏం వేసినామో చూపించాల.

ఇప్పుడు ఒక హెచ్చరిక. మందులు, విత్తనాలు అమ్ముకునే కొన్ని కంపెనీలు ఊరికే యాప్ ఇస్తామని వస్తాయి. చేను హద్దులు, పంట, బోరు, అప్పు అన్నీ అడుగుతారు. మన దగ్గర ఏ పురుగు పడిందో మనకంటే ముందు వాళ్ళకి తెలిసిపోతుంది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, సరే, కానీ మొదట మనం అడగాల్సింది ఒకటే ప్రశ్న, నా లెక్కలన్నీ ఒక ఫైలుగా బయటికి తీసుకోవచ్చా అని. తీసుకోలేం అంటే ఆ యాప్‌లో ఒక్క ఎంట్రీ కూడా పెట్టొద్దు. ఆ కంపెనీ మూతపడినా, యాప్ ఆగిపోయినా మన అయిదేళ్ళ లెక్క దాంతోనే పోతుంది. ఎందులో రాసినా నెలకి ఒకసారి ఫైలు దించుకుని ఇంకో చోట పెట్టుకోండి.

కౌలు రైతుల మాట కూడా ఎత్తాల. 2019 సాగుదారు హక్కుల చట్టం కింద 11 నెలలకి చెల్లే సాగుదారు కార్డు ఉంది, కానీ దానికి భూమి యజమాని సంతకం పెట్టాల, చాలామంది పెట్టరు. అట్లాంటి వాళ్ళకి చేతిలో ఏమీ ఉండదు. విత్తనం బిల్లు నుంచి కోత దాకా తన పేరుతో బిల్లులు, తేదీలతో ఫోటోలు వరసగా ఉంటే కార్డుతో సమానం కాదు, నిజమే, అయినా బ్యాంకులోనో పంట నష్టం రాసుకునేటప్పుడో నోరు తెరిచి మాట్లాడటానికి ఒక ఆధారం ఉంటుంది. అందరికంటే ముందు ఈ పని నేర్పించాల్సింది వాళ్ళకే.

మీ పత్రిక ద్వారా నేను అడిగేది ఇది. తిరుపతిలో ఎస్వీ వ్యవసాయ కళాశాల ఉంది, 1961 నుంచి ఉంది. చివరి ఏడు పిల్లలు రావెప్, అంటే ఊర్లల్లో సేద్యం పని నేర్చుకునే కార్యక్రమం, కింద ఊర్లకి వచ్చి రైతుల ఇళ్ళ మధ్యనే ఉంటారు, గ్రామం మ్యాపులు వేస్తారు, సర్వేలు చేస్తారు, రైతులకి చూపిస్తారు. అదే పిల్లలు ఒక్కొక్కరు కొన్ని కుటుంబాల దగ్గర కూర్చుని వాళ్ళ చేన్ల పేర్లు, వాళ్ళ కొలతలు, వాళ్ళ సీజన్లతో లెక్కల సాఫ్ట్‌వేర్ సెట్ చేసి ఇవ్వాల. సర్వర్ ఖర్చు రైతు మీద వెయ్యకుండా ఆ కళాశాలని నడిపే వ్యవసాయ యూనివర్సిటీనే ఒకటి పెట్టి నడపొచ్చు, డేటా మాత్రం రైతు అనుమతి లేకుండా ఎవరూ చూడకుండా ఉండాల. మెనూలన్నీ తెలుగులో ఉండాల. రైతు సేవా కేంద్రాల్లో ఈ-క్రాప్ నమోదుకి ఎట్లాగూ అందరూ వస్తారు, అదే టైమ్‌లో లోడు స్లిప్పులు ఫోటో తీసి దాచుకోవడం దగ్గర్నుంచి నేర్పించినా చాలు. ఖరీఫ్ విత్తనాలు వెయ్యక ముందే మొదలుపెడితే మొదటి ఎంట్రీ దుక్కి నుంచే ఉంటుంది. వ్యవసాయ శాఖ అధికారులు, కళాశాల వాళ్ళు దీని మీద ఏమంటారో మీరు అడిగి మీ పేజీలో రాయండి.

ఇట్లు,
ఒక రైతు ఇంటి కోడలు,
పాకాల మండలం, తిరుపతి జిల్లా