చలికి విరిగిందంటే సరిపోదు

సంపాదకుడు గారికి,

చలికాలం వచ్చిందంటే జిల్లా పేజీలో ‘చలికి విరిగిన రైలు పట్టా’ అనే వార్త ఒకటైనా కనిపిస్తుంది. ట్రాక్ మీద అల్ట్రాసోనిక్ పరీక్షలు, అంటే చెవికి వినిపించని ధ్వని తరంగాలతో పట్టా లోపలి బీటలు వెతికే పరీక్షలు, చేసే పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉండి రిటైరైనవాణ్ని. చలిది ఆఖరి దెబ్బ మాత్రమే అని చెప్పడానికే ఈ ఉత్తరం.

పొడవుగా వెల్డు చేసిన పట్టా చలికి ముడుచుకోబోతుంది. ముడుచుకునే వీలుండదు కాబట్టి లోపల లాగుడు పెరుగుతుంది. అంతవరకు నిజమే. కానీ బీట లేని పట్టా మన ఊళ్ల చలికి విరగదు. ఒక జనవరి తెల్లవారుజామున కీమేన్ (రోజూ ట్రాక్ వెంట నడిచి చూసే ఉద్యోగి) కబురు పెడితే పరిగెత్తి వెళ్లాను. తెగిన ముఖం చాలామటుకు పంచదార పలుకుల్లా తళతళలాడుతోంది. పట్టా తల భాగంలో మాత్రం రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్ద నల్లమచ్చ. దాని మీద, చెరువు ఎండేకొద్దీ గట్టున మిగిలే నీటి చారల్లాంటి గీతలు. కొన్ని దగ్గరగా, కొన్ని ఎడంగా. బీట కొంచెం కొంచెంగా సాగిన గుర్తులవి. అదేమీ ఒక్క రాత్రిలో పుట్టిన మచ్చ కాదు.

ఆ ఎడం ఎందుకు మారుతుందో ఉద్యోగంలో ఉండగా నేనూ పట్టించుకోలేదు. మేం ఆ దారిన నడిచిన బళ్ల మొత్తం బరువును గ్రాస్ మిలియన్ టన్నుల్లో (మిలియన్ అంటే పది లక్షలు) లెక్కేసేవాళ్లం. ఏ బండి మోసినా టన్ను టన్నే. ఎం.టెక్. చదువుతున్న మా మనవరాలు విని నవ్వింది. “తాతయ్యా, బరువు ఎంత పెరిగితే బీట అంతే సాగదు. మూడో ఘాతమో నాలుగో ఘాతమో లెక్కన సాగుతుంది” అంది. 1960ల మొదట్లో పాల్ పారిస్ అనే అమెరికన్ చూపించిన సూత్రమట. గూడ్సు వ్యాగన్ల ఇరుసు బరువు 20.3 టన్నుల నుంచి 22.9కి పెరిగింది కదా, దానికి లెక్క వేయమన్నాను. బరువు పెరిగింది 13 శాతమే. మిగతావన్నీ సమానమనుకుంటే, ఒక్కో ఇరుసు దాటినప్పుడు బీట సాగేది మాత్రం ఇంచుమించు ఒకటిన్నర రెట్లు! ఇక అరిగి చదునుపడ్డ చక్రం, మా భాషలో ఫ్లాట్ టైర్, పట్టాను సమ్మెటతో కొట్టినట్టు కొడుతుంది. ఆ దెబ్బ టన్నుల లెక్కకు దొరకదు.

ఇంకో వింత ఉంది. ఒక్కసారి పెద్ద బరువు పడితే బీట మొన దగ్గర లోహం సాగిపోతుంది. చుట్టూ ఉన్న లోహం దాన్ని నొక్కి పట్టడంతో ఆ తర్వాత కొంతకాలం బీట మందగిస్తుంది. అంటే ఎంత బరువు పడిందన్నదే కాదు, ఏది ముందు ఏది వెనక అన్నది కూడా లెక్కే. దీన్ని లెక్కలో పట్టుకునే ఒక పద్ధతిని వీలర్ అనే ఇంజనీరు 1972లో ఇచ్చాడట. 1954లో కూలిన బ్రిటిష్ కామెట్ విమానాలదీ ఇలాంటి కథే. అక్కడ బరువుకు బదులు, ప్రతి ప్రయాణంలో క్యాబిన్‌లో పెరిగి తగ్గే గాలి పీడనం. ముందుగా మామూలు కంటే ఎక్కువ పీడనం పెట్టి చూసిన క్యాబిన్ నమూనా భాగం పరీక్షలో పదహారు వేల సార్లకు పైగా తట్టుకుంది. గాలిలో ఎగిరిన రెండు విమానాలు సుమారు 1,290, 900 ప్రయాణాలకే పగిలాయి. ఓవర్‌లోడ్ మంచిదేనన్నమాట అని మా మిత్రుడొకాయన వాదించాడు. మాటిమాటికీ పడే పెద్ద బరువు తానే బీటను సాగదీస్తుందని చెప్పినా వినలేదు. ఆయనకు ఇసుక లారీలున్నాయి లెండి.

చక్రం కొట్టే దెబ్బను కొలిచే యంత్రాలు మన రైల్వేల్లో కొన్నిచోట్ల ఉన్నాయి. వాటి రికార్డును కూడా కలిపి చూసి పరీక్ష తేదీలు నిర్ణయిస్తే బాగుంటుందని నా మనవి.

ఈసారి మీ విలేకరి విరిగిన చోటికి వెళ్తే, ఎన్ని డిగ్రీల చలి అని అడిగి ఊరుకోవద్దనండి. చివరి పరీక్ష ఎప్పుడైందో, ఆ తర్వాత ఆ దారిన ఎలాంటి చక్రాలు నడిచాయో కూడా అడగమనండి. తెగిన ముక్క ఫోటో తీస్తే మరీ మంచిది. దగ్గరగా, గీతలు కనిపించేలా.

– ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి, ఖమ్మం జిల్లా