"మా వంశంలోనే ఉంది" అంటే సరిపోదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో జన్యు పరీక్షల మీద వచ్చిన పేజీ చదివాను. ఉమ్మి ఒక చిన్న గొట్టంలో పట్టి పంపిస్తే ముసలితనంలో ఏ జబ్బులు వస్తాయో ఇప్పుడే చెప్పేస్తారన్నట్టు రాశారు. నేను డాక్టర్ని కాను, ఒంగోలు దగ్గర ఒక హైస్కూల్లో పదో తరగతి పిల్లలకు జీవశాస్త్రం చెప్తాను. అయినా రాయకుండా ఉండలేకపోయాను, ఎందుకంటే మా తమ్ముడు రెండు నెలల కిందట అలాంటి పరీక్షే చేయించుకున్నాడు. షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ అని రిపోర్టులో ఎర్ర రంగులో వచ్చింది. అది చూసి జాగ్రత్త పడతాడనుకున్నా, కానీ వాడు రోజూ పొద్దున్నే వెళ్లే వాకింగ్ కూడా మానేశాడు. "ఎలాగూ మన వంశంలోనే ఉంది కదక్కా, నడిస్తే మాత్రం పోతుందా" అన్నాడు.

వంశంలో ఉన్నమాట నిజమే. మా నాన్నకు ఉంది, పెదనాన్నకు ఉండేది, నాయనమ్మకూ ఉండేదట. కానీ నాన్నకూ పెదనాన్నకూ ఏం జరిగిందో వాడికి తెలియంది కాదు. ఇద్దరూ ఒక తల్లి పిల్లలు, ఇద్దరికీ నలభై ఏడూ నలభై ఎనిమిదేళ్లప్పుడే షుగర్ బయటపడింది. తాతయ్య చిన్న వయసులోనే పోవడంతో పెదనాన్నను నాలుగో తరగతిలో బడి మాన్పించి అరకలోకి దించారు. ఆయన కష్టం మీద నాన్న చదువుకుని కరెంటాఫీసులో గుమాస్తా అయ్యారు. నాన్నకు నెల జీతం, మందుల ఖర్చు వెనక్కి వచ్చే వీలు, డాక్టర్ చెప్పింది అర్థం చేసుకునే చదువు, సాయంత్రం నడవడానికి నలుగురు స్నేహితులు ఉండేవి. పెదనాన్నకు కౌలు పొగాకు, ఆకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర మంట చూసుకుంటూ నిద్రలేని రాత్రులు, అప్పు, ఆ టెన్షన్‌కి తోడు చుట్ట. చేతిలో డబ్బున్న నెల మాత్రలు, లేని నెల లేదు. కాలికి ముల్లు గుచ్చుకుని పుండైతే ఊళ్లో సూది మందు వేయించుకుంటూ నెల గడిపారు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లేసరికి మోకాలి కింద తీసేయక తప్పలేదు. అరవై ఒకటో ఏట పోయారు. నాన్నకు ఇప్పుడు డెబ్బై ఎనిమిది, రోజూ నడుస్తున్నారు.

ఒక్క ఇంటి సంగతి పట్టుకుని శాస్త్రం చెప్పకూడదని నేనే క్లాసులో చెప్తాను. అందుకే ఈ మధ్య కూర్చుని చదివినవాటిలో కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో పీమా అనే ఆదివాసులున్నారు. గీలా నది పక్కన కాలవలు తవ్వుకుని సేద్యం చేసుకుని బతికినవాళ్లు. 19వ శతాబ్దం చివర్లో ఎగువన స్థిరపడిన తెల్లవాళ్లు నీళ్లు మళ్లించుకుంటే వీళ్ల పొలాలు ఎండిపోయాయి, కరువొచ్చింది, తర్వాత సర్కారు ఇచ్చే పిండి, కొవ్వు, చక్కెర మీద బతకాల్సి వచ్చింది. ప్రపంచంలో షుగర్ బాగా ఎక్కువగా ఉన్న జనాల్లో వీళ్లు ఒకరయ్యారు. పరిశోధకులు 1965 నుంచి వీళ్లను చూస్తున్నారు, ఇది వీళ్ల జన్యువుల్లోనే ఉందని చాలాకాలం చెప్పుకున్నారు కూడా. అయితే ఇదే జాతి వాళ్లు కొందరు సరిహద్దు అవతల మెక్సికోలో, మైకోబా అనే కొండ ప్రాంతంలో ఇప్పటికీ ఒళ్లొంచి సేద్యం చేసుకుంటూ ఉన్నారు. రెండు చోట్లా పోల్చి చూసి 2006లో అచ్చేసిన లెక్కల్లో షుగర్ అరిజోనా పీమాలలో 38 శాతం, మెక్సికో పీమాలలో 6.9 శాతం. దగ్గరి రక్తసంబంధం ఉన్న జనమే. నదిని పోగొట్టుకున్నవాళ్లకు ఒక గతి పట్టింది, పొలం మిగిలినవాళ్లు ఇంకోలా ఉన్నారు. ఇది చదివిన రాత్రి నాకు పెదనాన్నే గుర్తొచ్చారు.

ఇంకోటి ఇంగ్లండుది. టీచర్ని కాబట్టి ఇది నన్ను మరీ పట్టుకుంది. అక్కడ 1972లో బడి మానేసే వయసును 15 నుంచి 16కు పెంచారు. అంటే 1957 సెప్టెంబర్ 1కి ముందు పుట్టిన పిల్లలు పదిహేనేళ్లకే మానేయొచ్చు, ఆ రోజు నుంచి పుట్టినవాళ్లు ఇంకో ఏడాది ఉండి తీరాలి. కొన్ని రోజుల తేడాతో పుట్టిన ఆ రెండు గుంపుల పిల్లల జన్యువుల్లో సగటున తేడా ఉండదు కదా, కాబట్టి ఆ ఒక్క ఏడాది బడి ఏం చేసిందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి వీలు దొరకదు. వాళ్లకు యాభై ఏళ్లు వచ్చాక బరువు, నడుము, ఒంట్లో కొవ్వు కొలిచి జన్యువులతో కలిపి చూశారు, ఆ ఫలితాలు 2018లో అచ్చయ్యాయి. ఊబకాయం రావడానికి జన్యువుల వల్ల ఎక్కువ అవకాశం ఉన్న మూడో వంతు మందికీ తక్కువ ఉన్న మూడో వంతుకూ మధ్య, బరువు, నడుము, కొవ్వు మోతాదు మించినవాళ్ల శాతంలో 20 పాయింట్ల తేడా ఉండేదల్లా ఆ అదనపు చదువు వల్ల 6కు తగ్గింది. ఒక ఏడాది బడి! జన్యువుల దెబ్బ ఎక్కువగా పడేవాళ్లకే ఆ చదువు ఎక్కువ సాయం చేసింది. ఆడపిల్లను పదితో ఆపేద్దామని వచ్చే తల్లిదండ్రులతో ఇకమీదట ఈ మాట కూడా చెప్తాను.

తల్లి కడుపులో ఉన్నప్పటి తిండి సంగతి కూడా అంతే. 1987-90లో హైదరాబాద్ దగ్గరి 15 ఊళ్లలో గర్భిణులకూ చిన్న పిల్లలకూ రోజూ మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు, పక్కనే 14 ఊళ్లకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు ఆ పిల్లలు పదమూడు-పద్దెనిమిదేళ్ల వాళ్లయ్యాక మళ్లీ వెళ్లి పరీక్షిస్తే, ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నారు, ఇన్సులిన్ వాళ్ల ఒంట్లో మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు తక్కువ బిరుసుగా ఉన్నాయి. అంగన్‌వాడీ బియ్యం, గుడ్డు గురించి తేలిగ్గా మాట్లాడేవాళ్లు ఇది చదవాలి.

ఇక మతిమరుపు జబ్బు. మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని పెద్ద సర్వే ఆధారంగా 2023లో లెక్క తేల్చారు. ఆడవాళ్లలో, పల్లెల్లో ఎక్కువ. దీనికీ అపోఈ4 అనే జన్యువు ఉంది, అది ఉంటే డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే అల్జీమర్స్ ప్రమాదం పెరుగుతుంది, కానీ అది ఉన్న ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఇతర పరిశోధకులు 648 మంది డిమెన్షియా పేషెంట్ల రికార్డులు చూసి 2013లో చెప్పిన విషయం మన జనానికి పెద్దగా తెలియదు. రెండు భాషలో అంతకంటే ఎక్కువో మాట్లాడేవాళ్లకు ఒకే భాష మాట్లాడేవాళ్ల కంటే జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి మొహం చూడనివాళ్లలోనూ తేడా కనిపించింది. హైదరాబాదులో కూరగాయల బండి దగ్గర తెలుగు, ఉర్దూ, హిందీ కలిపి బేరమాడే మనిషికి ఆ బజారే మేలు చేసి ఉండొచ్చు, వంశం కాదు. వినికిడి తగ్గినా పట్టించుకోకపోవడం, ఒంటరితనం, తక్కువ చదువు లాంటి 14 కారణాలను సరిచేసుకుంటే దాదాపు 45 శాతం డిమెన్షియాను ఆపొచ్చు లేదా వెనక్కి నెట్టొచ్చని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ చెప్పింది. మా వీధిలో పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, చెవులు సరిగా వినపడక, టీవీ ముందు ఒక్కరే కూర్చునే పెద్దవాళ్లు నాకు తెలిసి ఆరుగురున్నారు. చెవి మిషన్ పెట్టిస్తే, రోజూ ఒక మనిషి వచ్చి కాసేపు మాట్లాడితే ఎంత తేడా వస్తుందో!

జన్యువుల గురించి రాయొద్దని నేను అనడం లేదు. పిల్లలకు మెండెల్ బఠాణీ మొక్కలు చెప్పేటప్పుడు పొడుగు మొక్క విత్తనమైనా నీళ్లు లేని మడిలో గిడసబారిపోతుందని కూడా చెప్తాను, మీరు కూడా రెండూ కలిపి రాయండి అంటున్నాను. పోయిన నెల మా ఇంటికి ఆరోగ్య పరీక్షలు చేయడానికి వచ్చిన అమ్మాయి "మీ ఇంట్లో ఎవరికైనా షుగర్, బీపీ ఉన్నాయా" అని అడిగి రాసుకుంది, మంచిదే. పక్కింటి మామ్మను కూడా అదే అడిగింది. ఆమె ఒక్కతే ఉంటుందని, మాత్రలు తెచ్చిపెట్టేవాళ్లు లేరని, డబ్బా మీద రాసింది చదవడం రాదని ఎవరూ అడగలేదు, రాసుకోలేదు. ఆ మూడు ప్రశ్నలు కూడా ఆ కాగితంలో ఉండాలని ఆరోగ్య శాఖను అడుగుతూ మీ పేపర్లో ఒక వార్త వేయండి. జన్యు పరీక్షల ప్రకటన వేసినప్పుడల్లా పక్కన నాలుగు లైన్లయినా ఈ సంగతి రాయండి.

ఈ ఉత్తరం పోస్టు చేసే ముందు నాన్నకు చదివి వినిపించాను. పెదనాన్న గురించి రాసింది ఇంకోసారి చదవమన్నారు. తర్వాత, "మీ పెదనాన్న మూడో తరగతిలో ఎక్కాల్లో ఫస్టు వచ్చేవాడమ్మా, అది కూడా రాయి" అన్నారు.

ఇట్లు,
ఒక టీచర్, ఒంగోలు